ఉమ్మడి గాదె

బయాలజీ చదివే పిల్లలంటే చాలామంది తల్లిదండ్రుల కళ్ల ముందు మెదిలే బొమ్మ ఒకటుంది. తెల్లకోటు, గాజు గొట్టాలు, ట్రేలో వెల్లకిలా పడుకోబెట్టిన కప్ప. బహదూర్‌పల్లి వచ్చి చూస్తే ఆ బొమ్మ తారుమారవుతుంది. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లు ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరు. తోటలు పోయాయి, వెంచర్లు వచ్చాయి. బహదూర్‌పల్లిలో సత్యం కంప్యూటర్స్ పెద్ద ప్రాంగణం కట్టుకుంది. 2009 తర్వాత అది మహీంద్రా వారి చేతికి వెళ్లింది. 2014లో అందులోనే ఇంజినీరింగ్ కాలేజీ పెట్టారు, 2020లో అది మహీంద్రా విశ్వవిద్యాలయమైంది. అక్కడ బీటెక్‌లో కంప్యూటేషనల్ బయాలజీ అనే చదువుంది. కప్పతో పనిలేదు, కంప్యూటరు ఉంటే చాలావరకు పని జరిగిపోతుంది!

కణం గురించి కంప్యూటరులో చదివేదేముంటుంది? ఉంది. ప్రతి జీవి కణంలోనూ డీఎన్ఏ ఉంటుంది. దాన్ని ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలతో రాసిన పొడుగాటి వాక్యం అనుకోవచ్చు. మనిషిదైతే దాదాపు 300 కోట్ల అక్షరాలు. సూక్ష్మజీవులు, వరి, దోమ, ఏనుగు... ఎక్కడ ఎవరు ఏ జీవి అక్షరాలు చదివినా తెచ్చి ఒకచోట జమచేస్తారు. అలాంటి గాదెలు ప్రపంచంలో ప్రధానంగా మూడున్నాయి. అమెరికాలో ఒకటి, యూరప్‌లో ఒకటి, జపాన్‌లో ఒకటి. ఒకదాంట్లో పడిన గింజ మిగతా రెండింట్లోకీ చేరిపోతుంది.

ఇందులోంచి తీసుకోవడానికి రూపాయి కట్టక్కర్లేదు. బహదూర్‌పల్లి హాస్టల్లో కూర్చున్న పందొమ్మిదేళ్ల అమ్మాయికీ, నోబెల్ అందుకున్న ప్రొఫెసరుకీ ఒకటే తలుపు. చేతిలో ఉన్న నాలుగు వందల అక్షరాల ముక్క ఏ జీవిదో తెలియదనుకోండి. 1990లో వచ్చిన బ్లాస్ట్ అనే పనిముట్టులో వేస్తే, గాదె అంతా గాలించి 'ఇలాంటిది ఇదిగో, ఫలానా దాంట్లో ఉంది' అని చూపిస్తుంది. నిఘంటువులో మాట వెతికినంత తేలిక. కాకపోతే ఈ నిఘంటువుకు చివరి పేజీ లేదు. రోజూ పెరుగుతూనే ఉంటుంది.

ఇదంతా చదువుకున్నోళ్ల గొడవ, మన ఇంటికేం సంబంధం అనిపించవచ్చు. 2022 మార్చి 16 నుంచి దేశంలో 12 నుంచి 14 ఏళ్ల పిల్లలకు కరోనా టీకా వేశారు. ఆ వయసు పిల్లలున్న ఇళ్లకు గుర్తుండే ఉంటుంది, దాని పేరు కార్బెవ్యాక్స్. తయారుచేసింది హైదరాబాద్ కంపెనీ బయొలాజికల్-ఇ. బహదూర్‌పల్లి దాటి ఔటర్ రింగు రోడ్డెక్కి, శామీర్‌పేట దగ్గర దిగి, రాజీవ్ రహదారి మీద కొంత దూరం వెళ్తే వచ్చే జీనోమ్ వ్యాలీలో ఆ కంపెనీకి టీకాల కర్మాగారముంది. ఆ టీకా కథ మొదలైంది మాత్రం అక్కడ కాదు. 2020 జనవరి 10న చైనా శాస్త్రవేత్తలు చదివిన కరోనా వైరస్ అక్షరాలు, దాదాపు 30 వేలు, ప్రపంచం ముందు పెట్టారు. ఆ అక్షరాలు చూసి, వైరస్ ముల్లులో మనిషి కణానికి అతుక్కునే ముక్క ఏదో ఎంచుకుని, దాన్ని ఈస్టు కణాల్లో తయారుచేసే పద్ధతిని అమెరికాలోని టెక్సస్‌లో పీటర్ హోటెజ్, మరియా ఎలెనా బొటాజీ బృందం రూపొందించింది. పేటెంటు తీసుకోలేదు. హైదరాబాద్ కంపెనీ దాన్ని అందుకుంది. చైనాలో ఎవరో చదివిన అక్షరాలు, టెక్సస్‌లో ఎవరో పట్టిన ఈస్టు... చివరికి మన బడిపిల్లల భుజం మీద చిన్న సూదిపోటు. మధ్యలో ఏ ఒక్కరు 'ఇది నాది' అని మూట కట్టుకున్నా టీకా ఇంకెంత ఆలస్యమయ్యేదో!

అలా మూట కట్టుకోవడమే మనిషికి సహజం. చేతివాసి ఉన్న వైద్యుడు ఆకు పసరు గుట్టు కొడుకుతో తప్ప చెప్పడు. శాస్త్రవేత్తలు అందుకు భిన్నమేం కాదు. పదేళ్లు కష్టపడి కనుక్కున్నది పక్క ల్యాబు వాడి చేతిలో ఊరికే పెట్టమంటే ఎవరికి మనసొప్పుతుంది? వాళ్లనొక చోట కూర్చోబెట్టి ఒప్పించాల్సి వచ్చింది. అందుకే ఈ గాదెల పుట్టుక వెతుక్కుంటూ వెళ్తే ప్రతిసారీ ఏదో ఒక సదస్సు తగులుతుంది.

1971 జూన్‌లో అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో ప్రొటీన్ల ఆకారం మీద సదస్సు జరిగింది. ప్రొటీను పొడవాటి దండ లాంటిది. అది ఎలా ముడుచుకుందన్న దాన్ని బట్టే దాని పని. ఆ ముడత కనుక్కోవడానికి అప్పట్లో ఒక్కోదానికి ఏళ్లు పట్టేది. కనుక్కున్నవన్నీ ఒకచోట పెడదామన్న మాట ఆ సదస్సులో నలిగింది. వాల్టర్ హామిల్టన్ అనే శాస్త్రవేత్త, తాను పనిచేసే బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో చోటిస్తానన్నాడు. అదే ఏడాది ప్రొటీన్ డేటా బ్యాంక్ మొదలైంది. మొదట్లో అందులో ఉన్నవి ఏడంటే ఏడు! ఇంటర్నెట్ లేని రోజులు కనుక అడిగినవాళ్లకు అయస్కాంత టేపుల మీద పంపేవారు. ఇప్పుడు అందులో రెండు లక్షలకు పైగా ఆకారాలున్నాయి. యాభై ఏళ్లు వేలమంది పోసిన ఆ గింజలతోనే ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ పాఠం నేర్చుకుంది. 2022 నాటికి 20 కోట్లకు పైగా ప్రొటీన్ల ఆకారాలు ఊహించి, అవి కూడా ఉచితంగా పెట్టేసింది. దాన్ని రూపొందించిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు 2024లో రసాయనశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది. టేపులు చుట్టి పంపినవాళ్లకు ఏ బహుమతీ రాలేదు. అది వేరే సంగతి.

రెండో సదస్సు 1996లో, బెర్ముడా దీవిలో. మానవ జన్యుక్రమం చదివే పని అప్పుడప్పుడే ఊపందుకుంటోంది. జన్యువులకు పేటెంట్లు తీసుకుని డబ్బు చేసుకోవాలని కంపెనీలు కాచుక్కూర్చున్నాయి. బ్రిటన్‌కు చెందిన జాన్ సల్‌స్టన్, అమెరికాకు చెందిన బాబ్ వాటర్‌స్టన్ ముందుండి అందరినీ ఒక మాట మీదకు తెచ్చారు. చదివిన అక్షరాలను 24 గంటల్లో అందరికీ తెరిచి పెట్టాలి. పత్రికలో వ్యాసం వచ్చేదాకా ఆగకూడదు. పోటీ పడి పరుగెత్తే వాళ్లు అలాంటి షరతుకు ఒప్పుకోవడం ఇవాళ తలుచుకున్నా ఆశ్చర్యమే.

మన హైదరాబాద్‌కూ అలాంటి సభల వాసన కొత్తకాదు. పీఎం భార్గవ పూనికతో 1977లో మొదలైన సీసీఎంబీ, అంటే హబ్సిగూడలోని కణ జీవశాస్త్ర కేంద్రం, 2018 జనవరి 27 నుంచి 31 వరకు అంతర్జాతీయ కణ జీవశాస్త్ర మహాసభకు వేదికైంది. ఇలాంటి చోట్ల అసలు సరుకు వేదిక మీద కన్నా పోస్టర్ల దగ్గర దొరుకుతుందని వెళ్లినవాళ్లు చెబుతారు. గోడకు అంటించిన కాగితం పక్కన పరిశోధక విద్యార్థి నిలబడి ఉంటాడు. ఎవరో దేశం కానిదేశం వ్యక్తి టీ కప్పుతో వచ్చి 'ఈ కణం ఇలా ఎందుకు చేస్తోంది?' అని అడుగుతాడు. మూడేళ్లుగా తెగని ముడి ఆ టీ చల్లారేలోపు తెగిపోవచ్చు. అచ్చులో రాని వైఫల్యాలు కూడా అక్కడే బయటికొస్తాయి. 'ఆ రసాయనం మేమూ వాడి చూశాం, పనిచేయదు' అన్న ఒక్క మాట ఇంకొకరికి ఆరు నెలలు మిగిలిస్తుంది.

గాదె కింద పందికొక్కులు కూడా ఉంటాయి మరి. సదస్సుల పేరుతో వ్యాపారం చేసేవాళ్లు బయల్దేరారు. రాని శాస్త్రవేత్తల పేర్లు వస్తున్నట్టు వేసి రుసుములు గుంజుతున్నారన్న ఫిర్యాదుల మీద, హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ, సదస్సుల సంస్థను 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని 2019లో అమెరికా కోర్టు ఆదేశించింది. పిల్లలు 'ఇంటర్నేషనల్ కాన్ఫరెన్స్‌కి పిలుపొచ్చింది నాన్నా, పదిహేను వేలు కట్టాలి' అంటే, కట్టే ముందు ఆ సబ్జెక్టు మాస్టారిని ఒక మాట అడగడం మంచిది.

ఇక గాదెలో మన గింజ సంగతి. మనుషుల జన్యు సమాచారంలో ఇంతవరకు పోగుపడినదాంట్లో ఎక్కువ భాగం యూరప్ మూలాలవారిది. దాన్ని చూసి తయారైన పరీక్షలు, మందులు మనకూ అలాగే సరిపోతాయన్న హామీ లేదు. మన దగ్గర ఎన్నో తరాలుగా పెళ్లిళ్లు కులం లోపలే జరిగాయి. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగిన సమూహాల్లో, వాళ్లలో ఒకరికున్న లోపం తరతరాలకూ దిగుతుంది. సీసీఎంబీకి చెందిన కె.తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలకు చెందిన 2,800 మందికి పైగా జన్యు సమాచారాన్ని పోల్చి 2017లో ఒక వ్యాసం ప్రచురించారు. అందులో వాళ్లు ఉదాహరణగా చూపింది తెలుగువాళ్లకు బాగా తెలిసిన సమూహాన్నే. ఆర్యవైశ్యుల్లో బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం మిగతావారిలో కన్నా సుమారు వంద రెట్లు ఎక్కువ. మామూలుగా ఆ లోపంతో ఏ ఇబ్బందీ ఉండదు, ఉన్నట్టు కూడా తెలియదు. ఆపరేషను టేబులెక్కినప్పుడే ప్రమాదం. మత్తుతో పాటు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు మామూలుగా కొద్ది నిమిషాల్లో విరిగిపోతుంది. వీళ్లలో గంటల తరబడి విరగదు. ఊపిరి తీసుకునే కండరాలూ కదలవు. యంత్రంతో ఊపిరి అందించాల్సి వస్తుంది.

అలాంటివి ఎన్ని సమూహాల్లో ఎన్ని ఉన్నాయో వెతకడానికి జీనోమ్ ఇండియా పేరుతో 10 వేల మంది భారతీయుల జన్యుక్రమం చదివారు. అందులో సీసీఎంబీ కూడా పాలుపంచుకుంది. ఆ సమాచారాన్ని ఫరీదాబాద్‌లో 2022లో ప్రారంభమైన భారత జీవ సమాచార కేంద్రంలో భద్రపరిచి, 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. ఇది అమెరికా గాదెలా తలుపులు బార్లా తెరిచి ఉండదు. దరఖాస్తు పెట్టుకుని, ఎందుకో చెప్పి, అనుమతి పొందాలి. 'మా రక్తంలో ఏముందో రేపు బీమా కంపెనీకి తెలిస్తే?' అని భయపడేవాళ్లున్నారు. ఆ భయం కొట్టిపారేయదగ్గది కాదు. కాబట్టి తాళం ఉండాల్సిందే. తాళంచెవి కోసం బహదూర్‌పల్లి విద్యార్థిని ఎన్నాళ్లు నిలబెడతారన్నదే తేలాలి. వైరస్ అక్షరాలు నిమిషంలో దొరికి, సొంత జనం అక్షరాలకు నెలలు పడితే ఆమె పరిశోధన కూడా మళ్లీ యూరప్ మనుషుల మీదే సాగుతుంది.

ఈలోగా ఆపరేషను పడిన ఇళ్లలో ఒక పని చేయవచ్చు. పెదనాన్నకో, మేనత్తకో ఆపరేషను తర్వాత మత్తు వదలక, ఊపిరి అందక యంత్రం పెట్టారన్న కథ ఇంట్లో ఎప్పుడైనా వినిపించి ఉంటే, ఆ మాట మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. ఆ ఎంజైము ఎంతుందో చెప్పే రక్తపరీక్ష ఉంది. సక్సినైల్‌కోలిన్‌కు బదులు వాడదగ్గ మందులు కూడా ఆయన దగ్గర ఉంటాయి.