కిరాయికి పోతే షరతు ఎవరిది?



రెండు నెలలుగా మన గ్రూపులో ఒకటే గోల, ఈవ్ ఆన్‌లైన్. మాచర్ల, దుర్గి, వెల్దుర్తి తాండాల నుంచి వచ్చి నరసరావుపేటలో చదువుకుంటున్న తమ్ముళ్ళు కొందరు ఈ అంతరిక్ష యుద్ధాల ఆటలో చేరారు. ఇప్పుడు "మేం కిరాయి సైనికులం అవుతాం, సొంతంగా ఒక కంపెనీ పెడతాం" అంటున్నారు. పెద్దవాళ్ళు కొందరు "పల్నాడులో పుట్టి కిరాయి అనే మాట నోటికెట్లా వచ్చిందిరా" అని తిట్టారు. కుర్రాళ్ళేమో "ఆటే కదన్నా" అని తేలిగ్గా తీసేశారు. ఇద్దరితోనూ మాకు పేచీ ఉంది. పోస్టు కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఆట గురించి తెలియనివాళ్ళ కోసం ముందు నాలుగు మాటలు. ఈవ్ ఆన్‌లైన్ 2003లో మొదలైంది. తయారుచేసింది ఐస్‌లాండ్‌లోని సీసీపీ గేమ్స్. వేల నక్షత్ర మండలాలు, అందరూ ఒకే లోకంలో. గనులు తవ్వేవాళ్ళు, ఓడలు కట్టేవాళ్ళు, సరుకు అమ్మేవాళ్ళు, దోచుకునేవాళ్ళు, అందరూ మనలాంటి మనుషులే. ఆటగాళ్ళు కలిసి కార్పొరేషన్లు పెడతారు, కార్పొరేషన్లు కలిసి కూటములు అవుతాయి. అందులో డబ్బు పేరు ఇస్క్. (ఐస్‌లాండ్ దేశపు అసలు కరెన్సీకి కూడా అవే మూడు అక్షరాలు. వాళ్ళ సరదా అది.) పేలిపోయిన ఓడ పోయినట్టే, తిరిగి రాదు. అందుకే పోతే తట్టుకోలేని ఓడ ఎక్కొద్దని పాతవాళ్ళు కొత్తవాళ్ళకు మొదటిరోజే చెప్తారు.

ఇందులో కిరాయి సైనికుడనేది కంపెనీ ఇచ్చే ఉద్యోగం కాదు. అలాంటి బటన్ ఎక్కడా ఉండదు. ఆటగాళ్ళే పుట్టించుకున్న వృత్తి అది. ఒక కార్పొరేషన్‌కు పక్కవాడితో తగువు వస్తుంది, కొట్లాడే బలం ఉండదు, ఇస్క్ ఇచ్చి మనుషుల్ని పెట్టుకుంటుంది. కాపలా ఉండే మండలాల్లో కాన్‌కార్డ్ అనే పోలీసులు ఉంటారు. అక్కడ కొట్లాడాలంటే వారానికి 10 కోట్ల ఇస్క్ రుసుము కట్టి యుద్ధం ప్రకటించాలి. 24 గంటల తర్వాతే తుపాకీ పేలుతుంది. దాడికి గురైనవాడు కూడా మిత్రపక్షంగా కిరాయి దళాన్ని పిలుచుకోవచ్చు. కాబట్టి రెండు వైపులా పని దొరుకుతుంది.

ఇక మా అసలు మాట. ఆ కిరాయి దళాలు పని ఒప్పుకునే తీరు గమనించారా? ఎవరి మీద, ఎన్ని రోజులు, ఎంత ధర, ముందు ఎంత, అయ్యాక ఎంత, పోయిన ఓడల ఖర్చు ఎవరిది, ఇవన్నీ ముందే తేలాలి. కుదరకపోతే "మాకు కుదరదు" అని చెప్పేస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. దళం పేరు నిలబడేది కిల్‌బోర్డ్ మీద. ఎవరిని కొట్టారో, ఎవరి చేతిలో పోయారో మొత్తం అందరికీ కనపడుతుంది. గొప్పలు చెప్పుకుంటే లాభం లేదు.

ఇప్పుడు మన పల్నాడు కిరాయి చూడండి. ఎన్నికలు వస్తే రాత్రి తాండాకి ఒక బండి వస్తుంది. "ఏం లేదురా, ఊరికే వెంట ఉండండి చాలు" అంటారు. ఎన్ని రోజులో చెప్పరు, ఏం చేయాలో చెప్పరు. బిర్యానీ, మందు, ఒక ఐదొందల నోటు. కాదంటే నాయకుడికి కోపం. ఆ నాయకుడి పొలంలోనే మన అమ్మ మిరపకోతకు పోతుంది, ఇక ఎలా కాదంటాం? 2024 మే 13 పోలింగ్ రోజు, ఆ తర్వాతి రోజులు ఈ జిల్లాలో ఏం జరిగిందో మనందరం చూశాం. 144 సెక్షన్ పెట్టారు, ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసింది, సిట్ వేశారు. నాయకులకు లాయర్లు ఉంటారు, బెయిళ్ళు దొరుకుతాయి. వెంట నడిచిన కుర్రాడి పేరు ఎఫ్‌ఐఆర్‌లో పడితే, కానిస్టేబుల్ పరీక్షలో మార్కులు వచ్చినా వెరిఫికేషన్ దగ్గర బండి ఆగిపోతుంది. పాస్‌పోర్టూ అంతే. ఐదొందలకు అమ్ముకున్నది అదీ.

అందుకే పెద్దవాళ్ళ కోపం మాకు అర్థమవుతుంది. పల్నాడులో కిరాయి అనే మాటకు రక్తం వాసన ఉంది. కానీ మాట మీద కోపం పెట్టుకుంటే పని జరగదు. కూలికి పోవడం తప్పు కాదు, మనవాళ్ళు పుట్టినప్పటి నుంచి పోతూనే ఉన్నారు. మన షరతు ఒక్కటీ లేకుండా పోవడం దగ్గరే మనం చెడిపోతున్నాం.

షరతు పెట్టే అలవాటు మనకు ఒకప్పుడు లేకపోలేదు. లంబాడ తమ్ముళ్ళు ఇది కొంచెం శ్రద్ధగా చదవండి. మొగల్ సైన్యాలకు, నిజాం సైన్యాలకు, ఆఖరికి ఇంగ్లీషు కంపెనీ సైన్యాలకు కూడా ధాన్యం మోసింది మన తాండాలే. వేల ఎడ్ల మీద బస్తాలు వేసుకుని, ఆడవాళ్ళు పిల్లలతో సహా సైన్యం వెనకే నడిచేవాళ్ళు. 1791లో కారన్‌వాలిస్ టిప్పు సుల్తాన్ మీదికి శ్రీరంగపట్నం దాకా వెళ్ళాడు. తిండి లేక, ఎడ్లు చచ్చిపోయి వెనక్కి తిరగాల్సి వచ్చింది. మరుసటి దండయాత్రకు ఆయన సైన్యానికి ధాన్యం తెచ్చినవాళ్ళలో బంజారాలు ముఖ్యులు. ఇంగ్లీషువాళ్ళు వాళ్ళను బ్రింజారీలు అని రాసుకున్నారు. 1803 మరాఠా యుద్ధంలో ఆర్థర్ వెల్లెస్లీ కూడా ఈ బ్రింజారీల కోసం ఎదురుచూసినవాడే. మనవాళ్ళు ఎవరి జెండా కిందా పుట్టలేదు, ధర మాట్లాడుకుని సరుకు అమ్మారు. వాళ్ళను దోచుకుంటే రేపు ధాన్యం రాదని రెండు సైన్యాలకూ తెలుసు, అందుకే వాళ్ళ జోలికి పెద్దగా పోయేవి కావని చరిత్రకారులు రాశారు.

ఆ బేరం చేసే బలం ఎలా పోయిందో కూడా చెప్పుకోవాలి. మంచి రోడ్లు వచ్చాయి, రైళ్ళు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం వచ్చింది. ఎడ్ల వ్యాపారం కూలింది. ఆ తర్వాత 1871 నేరస్థ తెగల చట్టం. 1911 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అది అమలైంది, అప్పుడు మన గుంటూరు జిల్లా అందులోనే ఉంది. తిరగడమే నేరమన్నారు. ఎరుకల కుటుంబాలను తీసుకెళ్ళి స్టూవర్టుపురం సెటిల్‌మెంట్‌లో పెట్టారు. 1952లో ఆ చట్టం పోయింది గానీ, స్టేషన్‌లో మనల్ని చూసే చూపు పోయిందా? మీకే తెలుసు. ధర చెప్పే జనాన్ని ఒక తరంలో పిలిస్తే పరిగెత్తే జనంగా మార్చారు. ఇప్పుడు నాయకుడి బండి హారన్ కొడితే లేచి పోయే అలవాటు మన రక్తంలోది కాదు, దాని వయసు వందేళ్ళకు కొంచెం పైన, అంతే.

కాబట్టి తమ్ముళ్ళు ఆటలో కిరాయి కంపెనీ పెడతామంటే మేం వద్దనం. బేరం ఆడటం, రాతపూర్వకంగా ఒప్పుకోవడం, నచ్చని పని కాదనడం, పదిమంది ఒక మాట మీద ఉండటం, ఇవి అక్కడ అలవాటైతే మంచిదే. ఓడిపోతే పోయేది ఇస్క్, ఎవరి మీదా కేసు పడదు.

కానీ "ఆటే కదా" అన్నవాళ్ళకు కూడా చెప్పాల్సినవి ఉన్నాయి. ఇందులో డబ్బులు సంపాదిస్తామని ఒక తమ్ముడు అన్నాడు. ఇస్క్‌ను రూపాయలకు అమ్ముకోవడం ఆట నిబంధనలకు విరుద్ధం, దొరికితే ఖాతా మూసేస్తారు. ఇది రమ్మీ లాంటిది కాదు నిజమే. రమ్మీని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, డబ్బు పందెం ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతా నిషేధించింది. ఈవ్‌లో పందెం లేదు, అలాగే జీతమూ లేదు. అప్పుచేసి ఓడలు కొనొద్దు. ఉచిత ఖాతాతో చాలా దూరం పోవచ్చు.

రెండోది టైము. ఆట గడియారం మనది కాదు. యూరప్‌వాళ్ళ సాయంత్రం అంటే మనకు అర్ధరాత్రి, పెద్ద యుద్ధాలు చాలా వరకు అప్పుడే. 2014 జనవరిలో బీ-ఆర్5ఆర్‌బీ అనే మండలంలో 21 గంటలు కొట్లాడారు. 7,500 మందికి పైగా పాల్గొన్నారు, 75 టైటాన్ ఓడలు పోయాయి, నష్టం మూడు లక్షల డాలర్లని లెక్క కట్టారు. ఓడినపక్షంలో కిరాయి యుద్ధాలకు పేరుపడ్డ పాండెమిక్ లీజియన్ ఉంది. అంత పెద్ద గొడవ మొదలైంది ఒక బిల్లు సమయానికి కట్టకపోవడం వల్ల! డీఎస్సీకి, గ్రూప్-2కి చదివేవాళ్ళు అలాంటి రాత్రికి లేచి కూర్చుంటే తెల్లారి పుస్తకం తెరుచుకోదు. ఒక సంగతి మాత్రం మనకు అనుకూలం. ఆటలో నైపుణ్యాలు మనం లేకపోయినా వాటంతట అవే పెరుగుతుంటాయి. క్యూలో పెట్టి చదువుకోండి.

మూడోది, మాకు అసలు నచ్చనిది. ఈ వృత్తిలో మోసానికి కూడా కిరాయి ఉంది. 2005లో గైడింగ్ హ్యాండ్ సోషల్ క్లబ్ అనే దళం ఒక కార్పొరేషన్‌ను కూల్చడానికి డబ్బు తీసుకుంది. నెలల తరబడి లోపల స్నేహితుల్లా ఉండి, ఒకే రోజు నాయకురాలి ఓడను పేల్చి, గోదాములు ఖాళీ చేసింది. అప్పట్లో దాని విలువ 16 వేల డాలర్ల పైనే అన్నారు. ఆట కంపెనీ తప్పు పట్టలేదు, అది అక్కడ ఆటలో భాగం. చాలామంది ఇప్పటికీ మెచ్చుకుంటూ చెప్పుకుంటారు. మనవాళ్ళు ఆ పని ఒప్పుకోకూడదని మా అభిప్రాయం. వందేళ్ళు దొంగలనిపించుకున్న జనం సరదాకి కూడా ఆ వేషం వేయనక్కర్లేదు. దీని మీద కొందరు తమ్ముళ్ళు ఒప్పుకోవట్లేదు, వాదన నడుస్తోంది, నడవనివ్వండి.

కంపెనీ పెట్టేవాళ్ళు మొదటి ఒప్పందం రాసిన రోజే ఇంకొక కాగితం కూడా రాయాలని మేం అడుగుతున్నాం. రాబోయే ఎన్నికల్లో ఏ పార్టీ బండీ ఎక్కం అని, పదిమందీ సంతకాలతో. ఒక్కడే కాదంటే వాడి ఇంటికి ఇబ్బంది. పదిమంది కలిసి కాదంటే మిరపకోతకు కూలీలు లేకుండా పోతారని నాయకుడికీ తెలుసు. ధాన్యం బస్తాల లెక్కే ఇక్కడా నడుస్తుంది.

ఇప్పటికి పద్నాలుగు మంది పేర్లిచ్చారు, అందులో ముగ్గురు చెల్లెళ్ళు. కంప్యూటర్ లేనివాళ్ళు ఫోన్‌లో ఈవ్ ఎకోస్ ఆడుతున్నారు గానీ అది వేరే లోకం, ఇద్దరూ కలవలేరు. అందుకే ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళు వారానికి రెండు రోజులు పంచుకోవాలని అనుకున్నాం. సరుకు మోసే ఓడలు నడపడానికి మాత్రం ఒక్కరూ ముందుకు రాలేదు. తాండా బిడ్డలకు అందరికీ తుపాకీ ఓడలే కావాలట.