పిక్కల మీద పడే బరువు

ఉస్మాన్‌గంజ్‌లో తూకానికి కొదవ లేదు. బియ్యం, పప్పులు, బెల్లం - టోకు బజారులో ప్రతి సరుకూ కాటా ఎక్కవలసిందే. కాటా ఎక్కనిది ఒక్కటే: ఆ బస్తాను లారీ మీంచి గోదాములోకి చేర్చే హమాలీ పిక్కల మీద పడే బరువు. సైన్సు చదువుకుంటున్న మనమైనా ఒకసారి ఆ తూకం వేసి చూద్దాం.

పిక్కలో ముఖ్యమైన కండరాలు రెండు. పైకి ఉబ్బి కనిపించేది గ్యాస్ట్రోక్నీమియస్, దాని కింద అణిగి ఉండేది సోలియస్. రెండూ కిందికి దిగి, ఒకే పగ్గంగా కలిసి మడమ ఎముకను పట్టుకుంటాయి. ఆ పగ్గమే ఎకిలీస్ స్నాయుబంధం. మనవాళ్ళు 'నరం గుంజుతోంది' అంటారు గానీ అది నరం కాదు, కొల్లాజెన్ పోగులతో పేనిన తాడు. ఒంట్లోని స్నాయుబంధాలన్నిటిలోకీ బలమైనది అదే.

60 కిలోల మనిషి 50 కిలోల బస్తా వీపున వేసుకుని చెక్క మీదుగా ఎక్కుతున్నాడనుకోండి. ఒక క్షణంపాటు మొత్తం 110 కిలోలూ ఒక్క పాదం ముందుభాగం మీద నిలుస్తాయి. చీలమండ కీలు నుంచి అక్కడికి 12 సెంటీమీటర్లు, కీలు నుంచి వెనక ఉన్న తాడుకు 5 సెంటీమీటర్లు అనుకుందాం. తులాదండ సూత్రం ప్రకారం తాడు మీద పడే లాగుడు 264 కిలోలు! బస్తా లేకపోతే అది 144. అంటే 50 కిలోల బస్తా ఆ తాడు దగ్గరికి వచ్చేసరికి 120 కిలోలైందన్నమాట. ఇది ఒక్క అడుగు లెక్క. పొద్దుగూకేదాకా ఎన్ని అడుగులో మీరే ఊహించుకోండి.

మరి అలుపు సంగతి? కండరాల మీద చేసిన పరిశోధనకు ఎ.వి. హిల్, ఓటో మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది. ఆ తర్వాత చాలాకాలం అలుపుకు ల్యాక్టిక్ ఆమ్లమే కారణమని పాఠాలు చెప్పారు. ఇప్పుడా నింద చాలావరకు తొలగిపోయింది. కండర కణంలో ఫాస్ఫేటు పేరుకోవడం, కండరాన్ని బిగించే కాల్షియం తగినంత విడుదల కాకపోవడం ముఖ్య కారణాలని తేలింది. అలసిన పిక్కకు బలం తగ్గడమే కాదు, అది నిదానంగా బిగుస్తుంది. అడుగు పడినప్పుడు వచ్చే అదురును సరిగా ఆపలేదు. కండరం కాయవలసిన దెబ్బ తాడు కాయవలసి వస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కండరానికి నోరుంది: నొప్పి పెడుతుంది, పట్టేస్తుంది, రాత్రి నిద్రపోతే చాలావరకు తేరుకుంటుంది. స్నాయుబంధం అలా కాదు. దానికి రక్తప్రసారం తక్కువ, మరమ్మతు నిదానం. 1955-63 మధ్య జరిగిన అణుపరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 ఆధారంగా డెన్మార్క్ శాస్త్రజ్ఞులు 2013లో ఒక విషయం తేల్చారు. ఎకిలీస్ స్నాయుబంధం నడిమి భాగం సుమారు 17 ఏళ్ళ లోపు తయారై, ఆ తర్వాత దాదాపు మారదట. ఇరవై ఏళ్ళ హమాలీ ఏ తాడుతో బస్తా ఎత్తుకున్నాడో, యాభై ఏళ్ళకూ అదే తాడు!

'వాళ్ళ ఒళ్ళు అలవాటు పడిందిలెండి' అనే పెద్దమనుషులున్నారు. ఆ మాటలో సగం నిజముంది. క్రమంగా బరువు పెంచితే కండరమూ, స్నాయుబంధమూ గట్టిపడతాయి. కానీ గట్టిపడేది బరువు మోస్తున్నప్పుడు కాదు, దించాక దొరికే విశ్రాంతిలో. కూలి బస్తాకింత అని కట్టినచోట విశ్రాంతి అంటే కూలి పోవడమే. ఎవడు కూర్చుంటాడు? లారీ తొందర, షావుకారు తొందర, ఇంట్లో పొయ్యి తొందర.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే వయోజనుడైన మగ కార్మికుడు మోసే బరువు 55 కిలోలు దాటరాదని సిఫార్సు చేసింది. 1976లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ముఠా, జట్టు, హమాలీ కార్మికుల సంక్షేమానికి ప్రత్యేక చట్టమే చేసింది. ఇక మా రైతు కుటుంబాలకు బాగా తెలిసిన యూరియా బస్తా 2018లో 50 నుంచి 45 కిలోలకు తగ్గింది. అయితే అది యూరియా వాడకం తగ్గించడానికి, మోసేవాడి పిక్కల కోసం కాదు. భూమి ఆరోగ్యం కోసం బస్తా తగ్గించగలిగినవాళ్ళం మనిషి ఆరోగ్యం కోసం తగ్గించలేమా?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. విశ్రాంతిని దయగా కాక పనిలో భాగంగా లెక్కగట్టాలి, దానికీ కూలి ఇవ్వాలి. రెండేసి బస్తాలు ఒకేసారి ఎత్తించడం మానాలి. ప్రతి గోదాము ముందూ తోపుడు బండి, ఎత్తు తక్కువైన వాలుచెక్క ఉండాలి. పద్దెనిమిదేళ్ళు నిండని కుర్రాడి వీపు మీద బస్తా పెట్టకూడదు. వీటికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు, మనసుండాలి.

మిత్రులారా! పరీక్షలో కండర సంకోచానికి బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుంటున్నాం. సంతోషమే. ఈ సెలవుల్లో మన విద్యార్థి సంఘం వైద్య విద్యార్థులను వెంటబెట్టుకుని ఉస్మాన్‌గంజ్ వెళ్ళి, హమాలీల కాళ్ళు పరీక్ష చేయించి, ఆ వివరాలు కార్మిక శాఖ ముందు పెడితే మన చదువుకు మరింత సార్థకత. ఈ సంచిక అచ్చయి మీ చేతికి రావడానికి కూడా కాగితం కట్టలు ఎవరో ఒకరు మోసే ఉంటారు కదా!