మెకన్నాస్ గోల్డ్ లోయలో గైడుకిచ్చిన డబ్బు దండగేనా?

ఫొటోలు పెట్టిన దగ్గర్నుంచీ అందరూ అడుగుతున్నది ఒకటే ప్రశ్న: "ఎంతైంది?" లోయ ఎలా ఉంది, ఆ రాయి నిజంగా సినిమాలో ఉన్నట్టే ఉందా అని అడిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో.

సరే, ముందు అదే చెప్తాం. మా నలుగురికీ ఒక జీపు, ఒక గైడు, పొద్దుట్నుంచి మధ్యాహ్నం మూడు దాకా. టిప్పుతో కలిపి 500 డాలర్లు దాటింది. గ్యాసూ, మోటెలూ వేరే. ఆ అంకె విన్నాక వచ్చిన మాటలు ఇవీ: "పైనుంచి ఫ్రీగా కనిపిస్తుంది కదా, కిందికి దిగాలా?" "పార్కే కదా, 80 డాలర్ల యాన్యువల్ పాసు చూపిస్తే సరిపోయేదేమో." "వాళ్ళకి బాగా దొరికారు మీరు." ఈ మూడో మాట కోసమే ఇంత పొడుగు పోస్టు రాస్తున్నాం.

తెలియనివాళ్ళ కోసం: మేం వెళ్ళింది అరిజోనా ఈశాన్యంలో చిన్లే అనే ఊరి పక్కనున్న కెన్యన్ డి షే. 1969లో వచ్చిన 'మెకన్నాస్ గోల్డ్' సినిమాలో, సూర్యోదయం వేళ ఒక నిలువు రాతి స్తంభం నీడ సాగుతూ సాగుతూ వెళ్ళి బంగారు లోయకి దారి చూపిస్తుంది చూడండి, ఆ స్తంభం ఉన్నది ఇక్కడే. దాని అసలు పేరు స్పైడర్ రాక్. దాదాపు 800 అడుగుల ఎత్తు. గ్రెగరీ పెక్, ఒమర్ షరీఫ్ నటించిన ఆ సినిమా అమెరికాలో పెద్దగా ఆడలేదు. మన దేశంలో, అటు సోవియట్ యూనియన్లో మాత్రం జనం విరగబడి చూశారు. మా నాన్నల తరంలో దాన్ని చూడనివాళ్ళు తక్కువ. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాకపోయినా నిధి కథ అర్థమైంది వాళ్ళకి. 1971లో కృష్ణ గారు 'మోసగాళ్ళకు మోసగాడు' తీశారంటే అప్పటికి మనవాళ్ళకి ఈ కౌబాయ్ పిచ్చి ఎంత ఎక్కిందో చూడండి. ఆరుద్ర గారు రాసిన ఆ నిధి వేటకి రాజస్థాన్ ఎడారి అరిజోనా అయింది.

మాలో ఒకడిది నర్సీపట్నం. వాళ్ళ నాన్నగారు 'మెకన్నాస్ గోల్డ్' మూడుసార్లు చూశారట. "ఫీనిక్స్‌లో ఉండి కూడా ఆ రాయి చూడలేదురా ఇంకా?" అని రెండేళ్ళుగా ఫోన్లో పోరు. ఆ పోరు పడలేకే మెమోరియల్ డే లాంగ్ వీకెండ్‌కి బయల్దేరాం.

ఫీనిక్స్ నుంచి ఫ్లాగ్‌స్టాఫ్ ఎక్కి, ఐ-40 మీద తూర్పుకి పడి, రాత్రి హోల్‌బ్రూక్‌లో పడుకున్నాం. చిన్లే కంటే అక్కడ రూము చవక. పొద్దున చాంబర్స్ దగ్గర ఎడమకి తిరిగి గనాడో మీదుగా వెళ్తే చిన్లే. టూరు 9 గంటలకి. మా కారు గడియారంలో ఎనిమిదిన్నరకే చేరిపోయాం, అరగంట ముందొచ్చామని కాఫీ కూడా కొనుక్కున్నాం. తీరా చూస్తే అక్కడ టైము తొమ్మిదిన్నర! అరిజోనా వేసవిలో గడియారం మార్చదు. నవహో నేషన్ మారుస్తుంది. రాష్ట్రం ఒకటే అయినా సరిహద్దు దాటగానే గంట ముందుకి జరిగిపోతుంది. గైడు మా మొహాలు చూసి నవ్వాడు. వారానికి ఇద్దరైనా ఇలా వస్తారట. నడిచేది ఎవరి లెక్కో ముందే తెలుసుకోకుండా వచ్చినందుకు మాకు మాత్రం సిగ్గనిపించింది.

ఇక ఆ పాసు సంగతి. కెన్యన్ డి షేకి 1931లో నేషనల్ మాన్యుమెంట్ హోదా ఇచ్చారు, పార్కు సర్వీసు వాళ్ళ ఆఫీసూ ఉంది. కానీ నేల మాత్రం నవహో జాతిది. లోయ అంచుల మీద ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి తారు రోడ్లున్నాయి. వాటి మీద ఎవరైనా ఉచితంగా తిరగొచ్చు, స్పైడర్ రాక్‌ని కూడా దక్షిణపు రోడ్డు చివర నిలబడి పైనుంచి చూడొచ్చు. అడుగున తిరగాలంటే మాత్రం అనుమతి ఉన్న నవహో గైడు వెంట ఉండాల్సిందే. పాసు చూపించి దిగేది కాదు. కారణం కూడా మామూలుదే: కింద మనుషులు ఉంటారు. ఇళ్ళున్నాయి, మొక్కజొన్న చేలున్నాయి, గొర్రెలున్నాయి, పీచ్ చెట్లున్నాయి. ఎండాకాలం కొన్ని కుటుంబాలు అక్కడే కాపురం. అది వాళ్ళ పెరడు. మన పెరట్లోకి ఎవడో తలుపు తోసుకొచ్చి సెల్ఫీ తీసుకుంటే ఊరుకుంటామా?

మేం మాత్రం బుద్ధిగా ఉన్నామని చెప్పుకోవట్లేదు. దిగిన గంటలోనే తప్పు చేశాం. వాగు పక్కన ఒక ముసలావిడ గొర్రెల్ని తోలుకుపోతోంది. వెనక ఎర్రటి గోడ, ముందు పచ్చటి కాటన్‌వుడ్ చెట్లు, మధ్యలో ఆవిడ. మాలో ఒకడు ఫోను ఎత్తి టకటకా నాలుగు కొట్టేశాడు. గైడు జీపు ఆపాడు. కోప్పడలేదు. "ఆవిడని అడిగావా?" అన్నాడు. లేదన్నాం. "అయితే తీసెయ్." తీసేశాం. మళ్ళీ జీపు కదిలాక పది నిమిషాలు ఎవ్వరం మాట్లాడలేదు. మనుషుల్నీ, ఇళ్ళనీ అడక్కుండా తీయకూడదని ముందే చెప్పారు, విన్నాం, తలూపాం. అయినా చెయ్యి ఆగలేదు. అదెక్కడి అలవాటో తర్వాత చెప్తాం.

సినిమా సంగతులు తెలుసుకుందామని వెళ్ళిన మాకు గైడు ఆ రాయి గురించి చెప్పింది వేరు. నవహోల నమ్మకంలో స్పైడర్ వుమన్ ఉండేది ఆ స్తంభం మీదే. వాళ్ళకి నేత నేర్పింది ఆవిడే. నవహో రగ్గుల పేరు వినే ఉంటారు కదా, ఆ మగ్గం విద్యకి మూలం ఆ రాయి. అంటే మన పద్మశాలీలకి భావనా ఋషి ఎలాగో అలాగ. అలాంటి చోటుని సినిమావాళ్ళు బంగారానికి సైన్‌బోర్డు చేశారు. పైగా కథ ప్రకారం అది అపాచీల నేల, తీసింది నవహోల లోయలో, అపాచీ పిల్లగా వేసింది తెల్ల నటి జూలీ న్యూమార్. చిన్నప్పుడు ఇవన్నీ ఎవరికి పట్టాయి? మాకూ పట్టలేదు.

అసలు బంగారం కథ ఇంకోటుంది. 1864లో కిట్ కార్సన్ సైన్యం ఈ లోయలోకొచ్చింది. నవహోలని లొంగదీయడానికి చేలు తగలబెట్టారు, గొర్రెల్ని చంపారు, వేల కొద్దీ పీచ్ చెట్లు నరికేశారు. 8,000 మందికి పైగా జనాన్ని న్యూ మెక్సికోలోని ఫోర్ట్ సమ్నర్ దాకా, 300 మైళ్ళకి పైగా నడిపించి తీసుకుపోయారు. ఎందరో దారిలోనే పోయారు, అక్కడికి చేరాక ఆకలితోనూ పోయారు. 1868 ఒప్పందం తర్వాత మిగిలినవాళ్ళు తిరిగొచ్చారు. కార్సన్‌ని పంపిన జనరల్ కార్ల్‌టన్‌కి నవహోల కొండల్లో బంగారం ఉందని గట్టి నమ్మకమట. సినిమాకి వందేళ్ళ ముందే మెకన్నాస్ గోల్డ్ నడిచిందన్నమాట ఇక్కడ. బంగారం దొరకలేదు. చెట్లు పోయాయి. మళ్ళీ నాటుకున్న పీచ్ చెట్లు కొన్ని మాకు చూపించాడు గైడు, వాళ్ళ అమ్మమ్మ గారివి.

మధ్యాహ్నం తిన్న ఫ్రై బ్రెడ్ గురించి కూడా ఒక మాట. చూడ్డానికి మన భటూరాలా ఉంటుంది, రుచి కూడా దగ్గరే. మేం లొట్టలేసుకుంటూ తింటుంటే, ఇది ఆ ఫోర్ట్ సమ్నర్ నిర్బంధంలో రేషనుగా పడేసిన మైదాతో పుట్టిన తిండి అని వాళ్ళ పెద్దలు చెప్తారన్నాడు. తినడం ఆపలేదు గానీ, ఆ తర్వాత ముద్ద నెమ్మదిగా దిగింది.

ఇప్పుడు లెక్కకొద్దాం. ఆ 500లో ఇదంతా ఉంది. జీపు పైనుంచి ఫ్రీగా చూసినవాళ్ళకి రాయి కనిపిస్తుంది, అంతే. సాయంత్రం మేం కూడా పైకి వెళ్ళి చూశాం, ఎత్తు తెలియాలంటే పైనుంచే చూడాలి, కాదనం. అక్కడ మన తెలుగు కుటుంబమే ఒకటి ఉంది. వాళ్ళ పిల్లాడు కెమెరా జూమ్ చేసి, కింద చేలో పని చేసుకుంటున్న మనిషిని చూపిస్తూ "నాన్నా, యాక్టర్లా?" అని అడిగాడు. తండ్రి నవ్వాడు. పిల్లాడి తప్పేం లేదు. సినిమా చూపించి తీసుకొచ్చాం, సెట్టే అనుకుంటాడు.

"వాళ్ళకి బాగా దొరికారు" అన్నవాళ్ళని ఒకటి అడుగుతాం. వీసా స్టాంపింగ్‌కి వెళ్ళినప్పుడు ఎన్ని కాయితాలు పట్టుకెళ్తాం? పే స్టబ్బులు, క్లయింట్ లెటరు, ఫీజులు, మళ్ళీ డేట్ల కోసం నెలల తరబడి పడిగాపులు. ఈ దేశంలో అడుగు పెట్టడానికి అవన్నీ నోరు మూసుకుని చేశాం. మరి ఈ దేశంలో అందరికంటే ముందున్నవాళ్ళు "మా లోయలోకి మావాడిని వెంటబెట్టుకుని రండి" అంటే మాత్రం దోపిడీ అనిపిస్తోంది. ఎందుకో మాకర్థం కాలేదు.

ఇక ఫోను ఎత్తే అలవాటు సంగతి. అది మనూళ్ళోనే వచ్చింది. అరకులో థింసా ఆడుతున్న ఆడవాళ్ళని, సంతకి వచ్చిన ముసలమ్మ ముక్కుపుడకల్ని ఎప్పుడైనా అడిగి తీశామా? నర్సీపట్నం వాడి నాన్నగారు కుర్రతనంలో చింతపల్లి అడవుల్లో 'అల్లూరి సీతారామరాజు' షూటింగు చూడ్డానికి వెళ్ళారట. 1974లో వచ్చిన ఆ సినిమా గురించి ఆయన గంటలు గంటలు చెప్పగలరు. కృష్ణ గారు ఎక్కడ నిలబడ్డారో కూడా గుర్తు. అక్కడి గిరిజనుల్లో ఒక్కరి పేరైనా గుర్తుందా అంటే లేదు. మేమే అడిగాం, ఆయనే చెప్పారు పాపం, దాచుకోలేదు.

పాపికొండలు చూడండి. 'అందాల రాముడు' నుంచి 'గోదావరి' దాకా ఎన్ని సినిమాలు! ఆ సినిమాలు చూసే కదా పడవెక్కుతాం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగితే, నాటు పడవలేసుకుని ముందు వెళ్ళి దొరికినవాళ్ళని ఒడ్డుకి చేర్చింది ఆ ఊరి గిరిజనులే. ప్రయాణికులు ఎవరూ కొన్న టికెట్టులో వాళ్ళ వాటా లేదు. పోలవరం ముంపుకి ఆ ఒడ్డు ఊళ్ళే ఖాళీ అవుతున్నాయి. రేపు పడవలు తిరుగుతాయేమో గానీ ఒడ్డున మనుషులుండరు.

మేం అడుగుతున్నది చిన్న విషయం. చిన్లేలో ఉన్న షరతు మన్యంలో ఎందుకుండకూడదు? లంబసింగి, వంజంగి మబ్బుల కొండ, జలపాతాలు, ఏవైనా సరే, ఆ ఊరి మనిషి వెంట లేకుండా ఎక్కకూడదని పెట్టొచ్చు కదా. నేల విషయంలో మనకి చట్టం ఉంది. 1/70 ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదు. కొనకుండానే వ్యాపారం ఎలా నడుస్తోందో, బినామీ అంటే ఏమిటో అక్కడివాళ్ళకి మనం చెప్పక్కర్లేదు. ఆ చట్టాన్నే పర్యాటకం కోసం సవరించాలన్న మాట బయటికొస్తే 2025 ఫిబ్రవరిలో ఏజెన్సీ బంద్ చేసింది. "టూరిజం వస్తే వాళ్ళకే మంచిది కదా" అని మన గ్రూపుల్లో చాలామంది రాశారు. టూరిజం వద్దని చిన్లే వాళ్ళు కూడా అనలేదు. స్టీరింగు మా చేతిలో ఉండాలన్నారు.

దీనికి వచ్చే గట్టి అభ్యంతరం మాకూ తెలుసు. "గైడు తప్పనిసరి అంటే గుళ్ళ దగ్గర బ్రోకర్లలా తయారవుతారు, యూనియన్ పెట్టి పిండుతారు." ఆ భయం ఉత్తిది కాదు. తీర్థాలకి వెళ్ళి జేబులు ఖాళీ చేసుకొచ్చినవాళ్ళమే అందరం. కానీ చిన్లేలో మేం చూసింది వేరు: అనుమతి ఉన్నవాళ్ళ జాబితా పార్కు ఆఫీసులో ఇస్తారు, గంటకి ఎంతో ముందే చెప్తారు, ఎక్కాక పైసా ఎక్కువ అడగలేదు. గదుల అద్దె సీజన్‌లో మూడింతలు చేసే రిసార్టుతో బేరమాడకుండా, ఊరి కుర్రాడు 500 రూపాయలు అడిగితే మాత్రం మోసం అంటామేం?

స్పైడర్ రాక్ దగ్గర సిగ్నల్ దొరగ్గానే నర్సీపట్నానికి వీడియో కాల్ చేశాం. అక్కడ ఇంకా తెల్లారలేదు. ఆయన కళ్ళజోడు వెతుక్కుని చూసి, "సినిమాలో అంతా కూలిపోయింది కదరా, అలాగే నిలబడుందే!" అన్నారు. సాలీడమ్మ కథ చెప్తే శ్రద్ధగా విన్నారు. పీచ్ చెట్లు నరికిన సంగతికి మాత్రం ఏమీ అనలేదు కాసేపు.

డిసెంబర్లో ముగ్గురం ఇండియా వెళ్తున్నాం, వంజంగి ప్లాన్ ఉంది. ఈసారి కొండ కింద ఊళ్ళో ఎవరినైనా మాట్లాడి పెట్టమని ఆయన్నే అడిగాం, రోజు కూలీ ఎంతైనా ఇస్తామని కూడా చెప్పాం. "గైడెందుకురా, దారి నాకు తెలుసు కదా" అన్నారు. ఇంకా బతిమాలుతున్నాం.