పాత పాటల పుస్తకాలకూ ఒక జాతర

కథ సగం దాకా చెప్పి, తక్కినది వెండితెర మీద చూడమనే పలచటి పుస్తకాలు ఒకప్పుడు సినిమా హాళ్ళ దగ్గర అణాలకు దొరికేవి. ‘మిస్సమ్మ’ పాటల పుస్తకం కోసం సేకర్తలు ఇప్పటికీ ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంట్ల మీద వెతుకుతుంటారు. ఉద్యోగం కోసం మొగుడూపెళ్ళాలుగా నటించే ఇద్దరు నిరుద్యోగుల కథ అది. 1955 జనవరి 12న విడుదలైన ఆ సినిమా చూడని తెలుగువాళ్ళు తక్కువ. సేకర్తను లాగేది మనం చూడని భాగం. అందులో కథానాయిక మేరీ వేషం మొదట భానుమతిది. నిర్మాత చక్రపాణితో పొసగక ఆమె తప్పుకుంటే, అప్పటికి తీసిన రీళ్ళను ఆయన తగలబెట్టించారని చెబుతారు. తరువాత సావిత్రి వచ్చారు, మేరీ ఆమెదే అయిపోయింది. భానుమతి మేరీగా ఎలా ఉండేవారో తెలియాలంటే ఇక స్టిల్సే దిక్కు.

గ్రామఫోన్ రికార్డుల సంగతీ అంతే. 78 ఆర్‌పీఎం ప్లేటు ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. పాట పొడవైతే కుదించాలి, లేదా రెండో వైపుకు తిప్పాలి. అందుకే తెర మీది పాట, రికార్డు పాట ఒక్కోసారి ఒకటి కావు. ఇలాంటి సంగతులు మనకు మిగిలాయంటే రికార్డుల సేకర్త వి.ఎ.కె. రంగారావు వంటివారి పుణ్యమే.

‘మిస్సమ్మ’ వచ్చిన 1955లోనే స్వీడన్‌లో ఇంగ్మార్ బెర్గ్‌మన్ ‘స్మైల్స్ ఆఫ్ ఎ సమ్మర్ నైట్’ అనే ప్రేమ ప్రహసనం తీశాడు. దాన్ని శుభ్రపరిచిన బొమ్మతో, వ్యాసాల పుస్తకంతో సహా ఇవాళ కొనుక్కోవచ్చు. మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’కైతే ప్రింటే మిగల్లేదు.

అలాగని సేకరణ బీరువాలో తాళం వేసుకునేదీ కాకూడదు. మా జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు కొర్ర, సామ, జొన్న విత్తనాలను వేపాకు, బూడిద కలిపి బుట్టల్లో దాస్తారు. అడిగినవారికి కొలిచి ఇస్తారు, పంట వచ్చాక తిరిగి కొలిపించుకుంటారు. ఏటా పాత పంటల జాతర చేసి, ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలను ఊరూరా తిప్పుతారు. పాత సినిమా కాగితాలకూ అలాంటి జాతర ఒకటి కావాలి.

మీ అటక మీద పాటల పుస్తకమో, వాల్‌పోస్టరో, పగలని రికార్డో ఉంటే తూకానికి వేయకండి. ప్రతి పేజీ స్కాన్ చేసి మరో ఇద్దరికి పంపండి.