నిత్యజీవితమే ఆంగ్లవాచకము

ఆంగ్లభాష విషయమై మనలో రెండు పక్షములు చిరకాలముగ వాదులాడుచున్నవి. ఆంగ్లము లేనిదే అన్నము పుట్టదనువారు ఒక పక్షము. ఆంగ్లమున్నంతకాలము తెలుగునకు బ్రదుకు లేదనువారు రెండవ పక్షము. ఉభయపక్షములవారును సభలలో కంఠశోష పడుచున్నారేగాని, బడినుండి వెలువడిన పిల్లవాని చేతికొక చిన్న ఆంగ్లపత్రము నిచ్చి “నాయనా, ఇందేమున్నదో చెప్పుము” అని యడుగువారు అరుదుగ నున్నారు. ఆ ప్రశ్న నడుగుటయే నేటి మా యుద్దేశము.

గ్రామీణ భారతమున ఇంటింటికి బోయి పిల్లల చదువును పరీక్షించు ‘అసర్’ నివేదిక యొకటి కలదు. 2022వ సంవత్సరపు నివేదిక ననుసరించి సులభములైన ఆంగ్లవాక్యములను చదువగలిగినవారు ఐదవ తరగతిలో నూటికి 24.5 మంది, ఎనిమిదవ తరగతిలో నూటికి 46.7 మంది. 2016లో ఐదవ తరగతివారి సంఖ్య 24.7. అనగా ఆరేండ్లలో అడుగైనను ముందునకు పడలేదు. ఎనిమిదేండ్లు బడిలో కూర్చుండిన పిల్లలలో సగమునకు మించినవారు ఒక చిన్న వాక్యమును గూడ చదువలేకున్నారన్న మాట. ఇది పిల్లల మందబుద్ధి యని మేమెంతమాత్రము నమ్మము. ఇంటిలో నొక భాషయు, సంతలో వేరొక భాషయు, సినిమాలో మరియొక భాషయు విని సునాయాసముగ గ్రహించు పిల్లలకు బుద్ధి తక్కువ యనుట ధర్మము గాదు. లోపము బోధనలో నున్నది.

ఈ లోపముచే కలుగు నష్టము పరీక్షలతో పోవునది గాదు. మందుపెట్టెమీది గడువు తేదీ ఆంగ్లమున నున్నది. వైద్యుడు వ్రాసిన చీటి ఆంగ్లమున నున్నది. చేతిలోని ఫోనులో అప్పు నిచ్చెదమని పిలుచువారి షరతులు పుటలకొలది ఆంగ్లమున నుండును. వాని క్రింద ‘అంగీకరించితిని’ అను మీట మాత్రము పెద్దదిగ మెరయుచుండును. రాజ్యాంగపు 348వ అధికరణము ననుసరించి సుప్రీముకోర్టు వ్యవహారమంతయు ఆంగ్లముననే జరుగుచున్నది. హైకోర్టు తీర్పులును ఆంగ్లముననే వెలువడుచున్నవి. తన పొలమును గూర్చిన తీర్పును తాను చదువుకొనలేని రైతు చదివి చెప్పువాని వాకిట నిలువవలసి యున్నాడు. చదివి చెప్పువాడు ధర్మాత్ముడైన బాగే. కానిచో రైతు కోర్టులో గెలిచియు వాకిట నోడును. ఈ పత్రములన్నియు తెలుగున రావలెనని పోరాడుట మన విధి. ఆ పోరాటమును మేము విడువము. కాని అవి వచ్చులోపల మోసపోవువాని గతి యేమి?

ఈ దుస్థితి యెట్లు దాపురించినదో విచారింతము. 1835లో మెకాలే తన సుప్రసిద్ధమైన నివేదికను సమర్పించినపుడు, ప్రజలందరికి విద్య గరపుట తన తలంపు కాదని దాచక చెప్పెను. పాలకులకును పాలితులకును నడుమ నిలుచు నొక చిన్న తరగతిని సృజించుటయే యాతని గురి. ఆ గురికి తగిన చదువే వచ్చినది. వ్యాకరణ సూత్రములను వల్లించుట, అర్థముల పట్టికలను కంఠస్థము చేయుట, మన పిల్లలెన్నడును చూడని మంచువానలను పొగగూళ్లను గూర్చిన పాఠములను అప్పజెప్పుట ఆ చదువునకు అంగములైనవి. కొందరు గట్టెక్కిరి, తక్కినవారు నట్టేట మునిగిరి. 1947లో పాలకులు పోయిరి. వారి బోధనాపద్ధతి మాత్రము మన బడులలో నిలిచిపోయినది. భాషాభాగములెన్నియో తడుముకొనక చెప్పు విద్యార్థి రైల్వేస్టేషనులోని ప్రకటనను చదువలేక తెల్లబోవుటకు ఇదియే కారణము.

దీనిని పరాయివాడైన ఆంగ్లేయుడే యొకడు మనకంటె ముందుగ గుర్తించెను. మైకేల్ వెస్టు ఢాకానగరమున ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు అధ్యక్షుడై యుండి, వంగదేశపు బాలుర యాంగ్లవిద్యను శ్రద్ధగ పరిశీలించి, 1926లో ద్విభాషా సమస్యపై నొక గ్రంథమును ప్రకటించెను. బాలురలో పెక్కుమంది చదువు ముగియకమునుపే బడి విడిచిపోవుచున్నారనియు, కడవరకు చదివినవానికిగాని ఫలమియ్యని చదువు వారికి కేవలము నష్టమనియు అతడు వాదించెను. బీమాపత్రమును నడుమనే విడిచినవానికి గూడ కొంత సొమ్ము తిరిగి వచ్చును గదా! చదువును అట్లే యుండవలెను. ఏ మెట్టున విడిచినను ఆ మెట్టునకు తగిన ప్రయోజనము చేతికి రావలెనని యాతని మతము. వంగబాలునకు మొదట కావలసినది చదివి గ్రహించు శక్తియనియు, దానికై తరచుగ వాడబడు మాటలతో కథలను కూర్చి, క్రొత్తమాటలను పలుచగ చల్లవలెననియు నిశ్చయించి, అతడట్టి వాచకములను రచించెను. తరచుగ వాడుకలో నుండు సుమారు 2000 మాటల పట్టికను 1953లో వెలువరించెను. దొర చెప్పినాడని మేము దీనిని మెచ్చుటలేదు. నడుమ బడి మానిన పేదపిల్లవానిని లెక్కలోనికి తెచ్చినాడని మెచ్చుచున్నాము.

అట్లయిన పఠనపాఠ మెట్లుండవలెను? మొదటి నియమము: అది చిన్నదిగ నుండవలెను. దినమున కొక పుట చాలును. రెండవది: దానిలోని జీవితము చదువరి యెరిగినదిగ నుండవలెను. విషయము తెలిసియున్నపుడు తెలియని మాటను ఊహించుట సులభము. విషయమును మాటయు రెండును తెలియనపుడు మనస్సు మూతపడును. మూడవది: క్రొత్తమాటలు కొద్దిగ నుండవలెను. నూరుమాటలలో 95 మొదలు 98 వరకు తెలిసినవైనగాని చదువరికి భావము సుఖముగ అందదని పరిశోధకులు తేల్చియున్నారు. ఇన్నూరు మాటల పుటలో పది క్రొత్తమాటలకు మించినచో అది పఠనము గాదు, నిఘంటువుతో కుస్తీ. నాలుగవది: నేడు వచ్చిన మాట రేపును, ఎల్లుండియు వేరు సందర్భములలో మరల రావలెను. ఒకమారు కనబడి మాయమైన చుట్టము పేరు మనకు గుర్తుండదు గదా!

ఒక నిదర్శనము చూపెదము. బడిలో ‘ఇంటరెస్టు’ అనగా ఆసక్తి యని బాలుడు నేర్చినాడు. ‘ప్రిన్సిపాలు’ అనగా కళాశాల పెద్దయని యెరుగును. తండ్రి తెచ్చిన బ్యాంకు కాగితములో ఈ రెండు మాటలును కనబడినవి. ఆసక్తికిని కాలేజీ పెద్దకును తన తండ్రి అప్పునకును ఏమి సంబంధమో వానికి బోధపడదు. ఒక రైతు విత్తనములకై అప్పు తెచ్చి, పంట యమ్మి, మొదట వడ్డీయు తరువాత అసలును చెల్లించిన కథ నొక పుటలో వాడు చదివియుండినచో, ‘ఇంటరెస్టు’ వడ్డీయనియు, ‘ప్రిన్సిపాలు’ అసలనియు, ‘డ్యూ డేటు’ గడువు దినమనియు నెవ్వరును చెప్పకయే గ్రహించియుండును. అట్లే ‘మే’ అన్నచో చేయవచ్చుననియు, ‘షల్’ అన్నచో చేసి తీరవలెననియు నోటీసులలో నుండు భేదమును, ‘అన్‌లెస్’ అను చిన్న మాట వాక్యము నర్థమునే తారుమారు చేయుటను పట్టిక నేర్పజాలదు, సందర్భము నేర్పును. పెద్దమాటలు మనలను భయపెట్టును. కాని మనలను ముంచునవి చిన్నమాటలే.

మాటల సంఖ్యను తగ్గించుటతోనే కార్యము నెరవేరదని గూడ చెప్పవలసియున్నది. 1930లో ఓగ్డెను పండితుడు 850 మాటలతో సులభాంగ్లమును నిర్మించెను. సంఖ్య చిన్నదే. కాని ‘గివ్’ అనగా ఇచ్చుట. ‘గివ్ అప్’ అనగా విడిచిపెట్టుట. ‘గివ్ ఇన్’ అనగా లొంగిపోవుట. రెండు తెలిసిన మాటలు కలిసి తెలియని మాటయగుచున్నది. ఈ చిక్కును విప్పునది మరల మరల చదువుటయే.

ఇక మన పామరజనమునకు ఆంగ్లము బొత్తిగ తెలియదనుటయు సరిగాదు. టిక్కెట్టు, స్టేషను, కరెంటు, బిల్లు, మీటరు, డాక్టరు, ఆపరేషను, కోర్టు, అప్పీలు, లైసెన్సు మొదలగు మాటలు వందలకొలది వారి నాలుకపై నున్నవి. ఆ మాటల లిపిరూపమును మాత్రమే వారెరుగరు. చేతిలో నున్న యీ మూలధనమును కాదని, తెలియని దేశపు పూలపేర్లతో పాఠము నారంభించుట యే విజ్ఞత?

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. బిల్లులు, చీటీలు చదివించుట విద్యను దిగజార్చుట యనియు, మహాకవుల రచనలతో మనస్సు నున్నతము చేయవలెననియు కొందరందురు. మహాకవులను మేము కాదనము. కాని వాకిలి దాటనివానికి మేడమీది గదిని వర్ణించి యేమి ఫలము? పుట చదువగలిగినవాడు గ్రంథమునకు పోవును. పుటయే చదువలేనివానికి కవి పేరు పరీక్షాప్రశ్న మాత్రమే. వ్యాకరణము లేక భాష తప్పుల కుప్పయగునని మరికొందరందురు. వ్యాకరణము వలసినదే, అది భాషను దిద్దునుగాని పుట్టింపదు. నూరు పుటలు చదివినవానికి సూత్రము చెప్పినచో “ఔను, చూచితిని” అనును. చదువనివానికి అదియు నొక మంత్రమే.

అన్నిటికంటె బలమైన ఆక్షేపణ దేశాభిమానులది. ఇట్లు ఆంగ్లమును పల్లెలకు గొనిపోయినచో తెలుగు నశింపదా యని వారడుగుదురు. మా సమాధానమిది. తెలుగును చంపునది ఆంగ్లము తెలియుట గాదు, ఆంగ్లమును పూజించుట. ఏమున్నదో తెలియని పెట్టెకే మనుష్యుడు మ్రొక్కును. తెరచి చూచిన పిదప అది పనిముట్ల పెట్టెయని తెలిసి, వలసినది తీసికొని మూతపెట్టును. ఆంగ్లము పదిమంది సొత్తుగ నున్నంతకాలము అది యధికారచిహ్నము. అందరి చేతిపనిముట్టైననాడు దాని దర్పమంతయు నుడిగిపోవును. ఆంధ్రప్రదేశమున 2019లోను, తెలంగాణమున 2022లోను సర్కారుబడుల నాంగ్లమాధ్యమముగ మార్చుటకు ప్రభుత్వములు పూనుకొనినవి. తల్లిదండ్రులలో పలువురు దానిని కోరుటకు కారణము తెలుగుపై ద్వేషము గాదు. తెలుగుమాధ్యమమున పదేండ్లు ఆంగ్లపాఠములు విన్నను ఆంగ్లము రాదను నిరాశ. ఆంగ్లమును భాషగ చక్కగ నేర్పినచో గణితమును, చరిత్రమును తెలుగున నేర్చుటకు వారు జంకరు. కావున మంచి యాంగ్లపఠనము తెలుగుమాధ్యమమునకు శత్రువు గాదు, కోటగోడ.

ఎవని భాషనుండి, ఎవని జీవితమునుండి వానికి చదువు ప్రారంభింపవలెనను సూత్రము మనకు క్రొత్తది గాదు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో నుండి సవరలభాషను స్వయముగ నేర్చి, సవరబాలురకు వారి భాషలోనే వాచకములను కూర్చి బడులు పెట్టించిరి. అక్షరము తమ బ్రదుకునుగూర్చి పలికిననాడు ఆ బాలురకు బడి పరాయిది కాలేదు. ఆంగ్లవాచకమునకును ఇదియే సూత్రము. ఆంధ్రప్రదేశమున 2020–21లో ఒకపుట తెలుగు, ఎదుటిపుట ఆంగ్లముగ పాఠ్యపుస్తకములు అచ్చైనవి. ఉద్దేశము మంచిదే. కాని తెలుగుపుటయే చదివి ఆంగ్లపుటను త్రిప్పివేయుట పిల్లలకు సులభము. మొదట ఆంగ్లపుటను తనంత చదివి, తెలిసినంతవరకు తెలుగున చెప్పి, పిదప తెలుగుపుటతో సరిచూచుకొన్నగాని దాని ఫలము దక్కదు.

ఈ కార్యమును ప్రభుత్వమే చేయవలెనని మనము చేతులు ముడుచుకొని కూర్చుండ నవసరము లేదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘమును స్థాపించినవారు దొరతనపు టుత్తరువులకై వేచియుండలేదు. పాతూరి నాగభూషణముగారు 1935లో కాలువలపై పడవలలో పుస్తకములను గ్రామములకు పంపిరి. అట్టి పెద్దల వారసులమైన మనము పఠనమందిరములలో వారమునకు మూడు సాయంకాలములు, అరగంట చొప్పున, ఈ పనికి కేటాయింపలేమా? పంపకము సులభము. చదువుకొనిన యువకు డొకడు ఆ యూరి విషయమునే తీసికొని—సంత, బస్సు, ఆసుపత్రి, కరెంటుబిల్లు, పొలముతగాదా—నూరు నూటయేబది ఆంగ్లమాటలలో నొక పుట వ్రాయవలెను. దానిని పెద్ద అక్షరములతో గోడకంటింపవలెను. ఒకడు రెండుమారులు బిగ్గరగ చదువగా తక్కినవారు వ్రేలితో ననుసరింపవలెను. తరువాత దాని భావమును తెలుగున చెప్పవలెను. కడపట మరల నొకమారు ఎవరికివారు చదివి, ఒక వాక్యమును నకలు వ్రాసికొనవలెను. రుసుము వద్దు, పరీక్ష వద్దు, తప్పు చదివినవానిని చూచి నవ్వుట అసలే వద్దు. స్త్రీలకు అనుకూలమైన వేళ నొకటి ప్రత్యేకించవలెను. మందుచీటియు, పిల్లల బడికాగితములును తరచుగ వారిచేతికే గదా వచ్చునవి.

ఏడాది గడచునప్పటికి నూటయేబది పుటలు పోగగును. ఆ యూరివారే, ఆ యూరినిగూర్చియే వ్రాసికొన్న ఆంగ్లవాచక మది. దానికి సీమనుండి పుస్తకము రానక్కరలేదు, కార్పొరేటు కళాశాలకు కట్టవలసిన రుసుమును లేదు. తన కాగితమును తాను చదువుకొని, తనకు నచ్చనిచో సంతకము చేయనని తెలుగులో చెప్పగలిగిన పౌరుడు మనకు కావలెను. స్వరాజ్యము ఢిల్లీకి వచ్చి డెబ్బదేండ్లు దాటినది. అది ప్రతి యింటి కాగితములదాక రావలసియున్నది. పఠనమందిరముల కార్యదర్శులు వచ్చు సోమవారమే మొదటి పుటను గోడకంటింతురుగాక యని మా మనవి.