ఉభయకుశలోపరి రిపోర్టులు

రౌస్ హిల్‌లో పొద్దున్నే సిడ్నీ మెట్రో ఎక్కే తెలుగువాళ్ళు తక్కువేం కాదు. 2019 మే 26న టాలవాంగ్ నుంచి చాట్స్‌వుడ్ దాకా మొదలైన ఈ డ్రైవర్ లేని రైలు, 2024 ఆగస్టు 19 నుంచి మార్టిన్ ప్లేస్ మీదుగా సిడెనమ్ దాకా నేరుగా పోతోంది. ఐటీ, బ్యాంకింగ్, ఇన్సూరెన్స్, ప్రభుత్వ శాఖలు... ఎక్కడ పనిచేసినా వీళ్ళ కొలువులో పెద్ద భాగం రిపోర్టులు రాయడం, లేదా ఎవరో రాసింది చదివి పై వాళ్ళకి పంపడం. ఈ రాత గురించి మనవాళ్ళ దిగులంతా ఇంగ్లీషు గురించే. ఆర్టికల్స్ సరిగ్గా పడ్డాయా, ప్రిపొజిషన్ తప్పిందా, ఇక్కడ పుట్టినవాళ్ళలా రాయగలిగామా అని. ఈ దిగులు దారి తప్పిన దిగులని నా వాదన. రిపోర్టు పనిచేయకపోవడానికి కారణం వ్యాకరణం కావడం చాలా అరుదు. అసలు సంగతి ఎక్కడ పెట్టారన్నదే దాని బలాన్ని తేలుస్తుంది. అందులోనూ చెప్పడానికి ఇబ్బందిగా ఉండే సంగతిని.

మనకు రాత నేర్పింది పరీక్ష హాలు. వ్యాసరూప ప్రశ్నకు ఉపోద్ఘాతం, నిర్వచనం, చరిత్ర, రకాలు, చివర్న ముగింపు. ఎన్ని అడిషనల్ షీట్లు కట్టారన్నదే ఇంటర్ పిల్లల మధ్య గొప్పతనానికి కొలత. దిద్దేవాడికి జవాబు ముందే తెలుసు కాబట్టి అక్కడ అది చెల్లింది. మనకెంత తెలుసో చూపించడమే అక్కడి పని. ఆఫీసులో చదివేవాడి సంగతి పూర్తిగా తిరగబడుతుంది. జవాబు అతనికి తెలియదు, మనకెంత తెలుసన్నది అతనికి అక్కర్లేదు. ఈ చదువుకు తోడు మన పాత ఉత్తరాల మర్యాద ఒకటుంది: ముందు ఉభయకుశలోపరి, తర్వాత వానలు, పంటలు, పెళ్ళి కబుర్లు, ఆఖర్న ఎక్కడో ఇరికించినట్టు అప్పు సంగతి. సిడ్నీలో ఇవాళ రాస్తున్న స్టేటస్ రిపోర్టులు చాలావరకు ఈ రెండింటి సంతానమే. తెల్లవాళ్ళు రాసేవీ అంతకన్నా మెరుగ్గా ఏమీ ఉండవు, ఆ మాట వేరే.

దీనికి ఎంత మూల్యం చెల్లించాల్సి వస్తుందో ఆస్ట్రేలియాలో కోర్టు దాకా వెళ్ళిన ఒక కేసే చెబుతుంది. సెంట్రో అనేది మెల్‌బోర్న్ కేంద్రంగా షాపింగ్ సెంటర్లు నడిపిన సంస్థ. 2007 జూన్ 30తో ముగిసిన ఏడాది లెక్కల్ని దాని బోర్డు ఆ సెప్టెంబరులో ఆమోదించింది. ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పు దాదాపు 150 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు వాటిలో దీర్ఘకాలిక అప్పుల పద్దులోకి వెళ్ళిపోయింది. 175 కోట్ల అమెరికన్ డాలర్ల హామీల ఊసు లేనే లేదు. ఆ డిసెంబరులో అప్పు తిరగరాయించుకోలేకపోతున్నామని సంస్థ ప్రకటించగానే షేరు ఒక్కరోజులో నాలుగింట మూడు వంతులు పడిపోయింది. కార్పొరేట్ నియంత్రణ సంస్థ ఏసిక్ డైరెక్టర్ల మీద కేసు వేసింది. ఇక్కడే మనకు కావలసిన సంగతి ఉంది. ఏ అప్పు ఎప్పుడు తీర్చాలన్న సమాచారం డైరెక్టర్ల దగ్గరికి రాకపోలేదు. ఏడాది పొడుగునా వాళ్ళకు అందిన బోర్డు కాగితాల్లో ఉంది. వందల పేజీల మధ్య ఉంది. లెక్కలు ఆమోదించే రోజున ఆ కాగితాల్నీ ఈ లెక్కల్నీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు లేరు. ఆడిటర్లూ పట్టుకోలేదు.

డైరెక్టర్ల తరఫున వినిపించిన వాదనల్లో కాగితాల బరువు ఒకటి. ఇంత సమాచారంలో ఎవరు వెతకగలరని. 2011 జూన్ 27న తీర్పు చెప్పిన జస్టిస్ మిడిల్టన్ దాన్ని ఒప్పుకోలేదు. వాళ్ళు తెలివైనవాళ్ళు, అనుభవజ్ఞులు, శ్రద్ధ ఉన్నవాళ్ళు అంటూనే, తమ దగ్గరికి ఎంత సమాచారం ఏ రూపంలో రావాలో నిర్ణయించుకునే అధికారం బోర్డుదేనని, కాబట్టి బరువు సాకు కాదని తేల్చారు. అంటే తప్పు చదివినవాళ్ళది, రాసినవాళ్ళకేం సంబంధమని అడగొచ్చు. చట్టం దృష్టిలో బాధ్యత పైవాళ్ళదే, నిజమే. కానీ ఆ తీర్పును రాసేవాడు చదవాల్సిన తీరు వేరు: మీ మేనేజరు పంపమన్న 90 పేజీలకు రేపు అతనే జవాబుదారీ కాబట్టి, మొదటి పేజీలో అసలు సంగతి చెప్పిన ఉద్యోగి అతన్ని కాపాడుతున్నాడు. పైగా ఆ కేసులో శిక్షల దగ్గరికి వచ్చేసరికి, నాన్-ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్లలో ఎవరి మీదా నిషేధం పడలేదు. లెక్కలు తయారుచేయించిన ఫైనాన్స్ అధిపతి మీద మాత్రం రెండేళ్ళ నిషేధం పడింది.

పేజీలు తగ్గిస్తే చాలనుకోవడం కూడా పొరపాటే. 2003 జనవరిలో కొలంబియా వ్యోమనౌక ఎగిరేటప్పుడు ఫోమ్ ముక్క ఒకటి విడిపోయి ఎడమ రెక్కకు తగిలింది. ప్రమాదం ఎంతో అంచనా వేసి బోయింగ్ ఇంజనీర్లు నాసాకు స్లైడ్లు ఇచ్చారు. అందులో ఒక స్లైడు ఇవాళ్టికీ చర్చలో ఉంది. ఒక్కటే స్లైడు, పేజీకి మించదు. పైన శీర్షికలో ధైర్యం చెప్పే మాట. కింద చిన్న చిన్న చుక్కల గుర్తుల తర్వాత, అన్నిటికన్నా అడుగున, తగిలిన ముక్క 1,920 ఘనపుటంగుళాలని, పరీక్షల్లో వాడింది 3 ఘనపుటంగుళాలని. అంటే 640 రెట్లు. అంకె అబద్ధం కాదు, దాచలేదు కూడా. ఎవరి కన్నూ పడని చోట ఉంది. ‘గణనీయమైన’ అనే అర్థమిచ్చే మాట మాత్రం అదే స్లైడులో అయిదుసార్లు వచ్చింది, ఎంత గణనీయమో చెప్పకుండా. ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా నౌకలోని ఏడుగురు వ్యోమగాములూ పోయారు. విచారణ సంఘం ఆ స్లైడును తన నివేదికలో అచ్చువేసి, దాన్ని చదివిన పెద్ద అధికారికి ఇది ప్రాణాల మీదికి వచ్చిన వ్యవహారమని తట్టకపోవడంలో వింత లేదన్నట్టు వ్యాఖ్యానించింది.

అందంగా ఉన్న రిపోర్టుకు మంచి రిపోర్టన్న పేరు ఎలా వస్తుందో తెలుగువాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. కార్పొరేట్ పాలనకు 2008లో బహుమతి అందుకున్న హైదరాబాద్ ఐటీ సంస్థ సత్యం ఛైర్మన్, 2009 జనవరి 7న బోర్డుకు కొద్ది పేజీల ఉత్తరం రాశారు. పశ్చాత్తాపం తెలిపే ఒక్క వాక్యం కాగానే అంకెలు: లెక్కల్లో చూపినా నిజానికి లేని నగదు 5,040 కోట్ల రూపాయలు, ఒక త్రైమాసికానికి చూపిన లాభశాతం 24, అసలుది 3. సత్యంది రాత లోపం కాదు, మోసం. దాన్ని శైలి పాఠంగా చెప్పడం నాకూ ఇష్టం లేదు. కానీ ఏళ్ళ తరబడి నిగనిగలాడే వార్షిక నివేదికలు చదివి చప్పట్లు కొట్టినవాళ్ళకు ఆ ఉత్తరం మొదటి పేజీ అర్థం కావడానికి సలహాదారు ఎవరూ అవసరం రాలేదు.

మరి ఎలా రాయాలి? ‘ప్రాజెక్టు పురోగతి సంతృప్తికరంగా ఉంది, కొన్ని సవాళ్ళు గుర్తించబడ్డాయి’ అనే వాక్యం తీసుకోండి. దీన్నే ఇంట్లోవాళ్ళకు తెలుగులో చెప్పి చూడండి. ‘గుర్తించబడ్డాయి’ అని వంటింట్లో ఎవరూ అనరు. ‘మార్చి 31కి అవదు, ఇంకో ఆరు వారాలు పడుతుంది, సరుకు లెక్కల డేటా మేమే ఆలస్యంగా ఇచ్చాం, శుక్రవారంలోపు ఇద్దరు మనుషుల్ని ఇస్తే రెండు వారాలు కలిసొస్తాయి’ అంటారు. ఇదే మీ రిపోర్టు మొదటి పేరా. ఇంగ్లీషులోకి మార్చుకోవడం పది నిమిషాల పని. తెలుగు క్రియకు ఒక గుణముంది: ‘ఇచ్చాం’ అనగానే ఎవరిచ్చారో బయటపడుతుంది, కర్తకు తప్పించుకునే సందు దొరకదు. ‘బడు’ చేరిస్తే ఆ సందు తెరుచుకుంటుంది. రౌస్ హిల్‌లో రైలెక్కిన మేనేజరు రెండో స్టేషన్ బెల్లా విస్టా వచ్చేలోపు ఫోన్లో ఈ నాలుగు ముక్కలు చదివేస్తాడు. మిగతా ముప్పై పేజీలు అతని సందేహాలకు జవాబులుగా వెనక ఉంటాయి.

బరువైన అభ్యంతరం ఒకటుంది. చెడ్డవార్త ముందు చెప్పినవాడి మీదే విరుచుకుపడే బాసులుంటారు, పైగా యజమాని స్పాన్సర్ చేసిన వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగమంటే ఈ దేశంలో కాలు నిలిపే చోటు. ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి ఇదివరకు 60 రోజులే ఉండేవి. 2024 జులై 1 నుంచి ఒక విడతకు 180 రోజులిచ్చారు. ఊరట పెరిగింది, భయం పోలేదు. ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. చెడ్డవార్తను శిక్షించే సంస్థను రిపోర్టు రాసే పద్ధతి బాగుచేయలేదు కూడా. కానీ చెడ్డవార్త ముందు పెట్టడమంటే నింద ముందు పెట్టడం కాదు. ఆలస్యం ఇంత, కారణం ఇది, మీరు తేల్చాల్సింది ఇది అన్న వరుసలో కోపానికి చోటు తక్కువ, పనికి ఎక్కువ. తేదీతో సహా అది కాగితం మీద ఉంటే, రేపు ‘మాకెవరూ చెప్పలేదు’ అన్నప్పుడు కింది ఉద్యోగికి అదే దన్ను. ఒక మినహాయింపు ఒప్పుకుంటాను: చదివేవాడు మీ ప్రతిపాదనకు ముందే అడ్డంగా ఉన్నాడని తెలిస్తే కారణాలు ముందు, నిర్ణయం తర్వాత పెట్టడమే తెలివి. అలాంటి సందర్భాలు మనం అనుకునేదానికన్నా తక్కువ.

ఇదంతా ఇప్పుడు ఏఐ రాసిపెడుతుంది కదా అనేవాళ్ళకు కన్సల్టింగ్ సంస్థ డెలాయిట్ వ్యవహారం చాలు. దాదాపు 4 లక్షల 40 వేల డాలర్లకు ఆస్ట్రేలియా ఉపాధి శాఖకు కొంత ఏఐ సాయంతో తయారుచేసి ఇచ్చిన నివేదికలో, అసలు ఎక్కడా లేని గ్రంథాలు, కోర్టు తీర్పులో లేని వాక్యం బయటపడి, 2025 అక్టోబరులో ఆ సంస్థ చివరి వాయిదా సొమ్ము వెనక్కిచ్చేందుకు ఒప్పుకుంది. ఇంగ్లీషు మాత్రం బాగానే ఉండి ఉంటుంది.

చివరిగా, సూటిగా చెప్పడం మన సంస్కారం కాదనే మాట. ఉభయకుశలోపరి మనదే, కాదనను. అయితే మాటకింత అని డబ్బు కట్టాల్సిన టెలిగ్రాంలో కుశలప్రశ్నలు రాసిన తెలుగువాడు లేడు. శుభలేఖకు మూలల్లో పసుపు, అశుభలేఖకు నల్లసిరా కూడా మన ఇళ్ళలోవే. కార్డు చేతికందగానే, చదవకముందే, సంగతి ఏ రకమో తెలిసిపోయేది. చదవడం మొదలుపెడితే పోయినవారెవరు, ఏ రోజు, పెద్దకర్మ ఎప్పుడు, ఎక్కడ అన్నవే ఉండేవి. ఆ నాలుగు ముక్కలతో ఇంటాయన ఏ బస్సు అందుకోవాలో లెక్క వేసుకునేవాడు.