తిరిగివచ్చిన పిల్ల

మొన్న మన రాజపాళయంలోనే ఒక తల్లి మాతో మొర పెట్టుకొన్నది. బాస్కెట్‌బాల్ ఆడే కూతురు కోయంబత్తూరులో కాలేజీలో చేరి, ఇంటిమీద బెంగతో నెల తిరక్కముందే వచ్చేసిందట. "చదువూ పోయె, ఆటా పోయె, ఇక సంబంధాలు చూడవలసిందే" అని ఇంటిలో పెద్దల మాట.

మాకు వెంటనే అమెరికా క్రీడాకారిణి షెరిల్ స్వూప్స్ గుర్తుకు వచ్చింది. ఆమెదీ బెంగే. టెక్సాస్ విశ్వవిద్యాలయం పిలిచి చేర్చుకొంటే కొద్ది రోజులకే ఇల్లు చేరింది. పిదప ఇంటికి దగ్గరలోని సౌత్ ప్లెయిన్స్ అనే జూనియర్ కాలేజీలో చేరింది. మన ఆంధ్ర బంధువులు ఇంటర్మీడియట్ కాలేజీని ఆ పేరుతోనే పిలుస్తారు గాని, అక్కడిది హైస్కూలు దాటిన తరువాతి రెండేండ్ల చదువు. ఆ చదువు పై కాలేజీలో చెల్లుతుంది, ఆటా సాగుతుంది. రెండేండ్లు అక్కడ ఆడి, టెక్సాస్ టెక్‌కు వెళ్ళి, 1993 జాతీయ ఫైనలులో ఒక్కతే 47 పాయింట్లు వేసి జట్టును గెలిపించింది. ఆపైన మూడు ఒలింపిక్ స్వర్ణాలు.

మన దేశంలో నడుమ కాలేజీ మారడం అంత సులువు కాదు. ఒక ఏడాది పోవచ్చును. పోనిండి! ఊళ్ళోనే కాలేజీలున్నవి, పిల్ల ఇంట నిద్రపోయి ఉదయం బంతి పట్టవచ్చును. ఈ మాటే ఆ తల్లితో అన్నాము.

"నాతో అంటే ఏం లాభమండీ? వాళ్ళ నాన్నగారితో చెప్పండి" అన్నది.

ఆదివారం వెళుతున్నాము.